డయాలిసిస్ మంచం దగ్గర శ్వాస నేర్పేదెవరు?

డయాలిసిస్ మీద ఉన్నవారిని పలకరిస్తే ముందు వినిపించే మాట నీరసం. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండి ఇల్లు చేరాక కంచం ముందు కూర్చునే ఓపిక కూడా ఉండదు. 12 దేశాల్లో సాగిన డాప్స్ అధ్యయనంలో నాలుగో వంతుకు పైగా రోగులు తేరుకోవడానికి ఆరు గంటలు దాటుతుందని చెప్పారు. హైదరాబాద్‌లో సుచిత్ర వైపు వెళ్లి డయాలిసిస్ చేయించుకుని, షేర్ ఆటోలో పేట్ బషీరాబాద్ తిరిగొచ్చే మనిషికి ఆ రోజు అక్కడితో అయిపోయినట్టే.

జపాన్‌లో దాదాపు 3.4 లక్షల మంది డయాలిసిస్ మీద ఉన్నారు. డయాలిసిస్ జరుగుతుండగా వ్యాయామం నేర్పితే అక్కడి ఆరోగ్య బీమా 2022 ఏప్రిల్ నుంచి ఆసుపత్రికి విడిగా డబ్బిస్తోంది. పూటకు 750 యెన్లు. కనీసం 20 నిమిషాలు నేర్పాలి. మొదలుపెట్టాక 90 రోజుల వరకే. పెద్ద మొత్తం కాదు. కానీ బిల్లులోకి ఎక్కింది కనుక ఆ పని ఒకరి బాధ్యత అయింది. తైవాన్‌లో నర్సులు నాలుగు వారాలపాటు, వారానికి రెండుసార్లు రోగుల చేత శ్వాస సాధన చేయించి 2015లో ఫలితాలు ప్రచురించారు. దిగులు తగ్గింది, నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ దాచకుండా రాశారు.

తెలంగాణలో మనమూ చేసింది తక్కువేమీ కాదు. ఆరోగ్యశ్రీలో డయాలిసిస్ ఉచితం. 2022లో డయాలిసిస్ రోగులకు నెలకు రూ.2,016 ఆసరా పింఛను కూడా ఇచ్చారు. అయితే ప్రాణాయామం పుట్టిన నేల మీద, నాలుగు గంటలు కదలకుండా పడుకున్న మనిషికి దాన్ని నేర్పే పని ఎవరికీ అప్పగించలేదు. యోగా దినం నాడు మైదానాల్లో చూపే శ్రద్ధ ఈ మంచాల దాకా రావాలి.

శ్వాస సాధనకు ఖర్చూ లేదు, పరికరమూ అక్కర్లేదు. సూదులు గుచ్చిన ఫిస్టులా చెయ్యి కదపకుండా రెండో చెయ్యి పొట్ట మీద ఉంచుకోవాలి. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పెదాలు గుండ్రంగా చుట్టి అంతకంటే నెమ్మదిగా వదలాలి. పది నిమిషాలు చాలు. బీపీ పడిపోయే అవకాశం చివరి గంటల్లో ఎక్కువ కాబట్టి మొదట్లోనే చేయించడం మేలు. ఊపిరి బిగబట్టడం, కపాలభాతి, భస్త్రిక వద్దు. కళ్ళు తిరిగితే ఆపేసి టెక్నీషియన్‌ని పిలవాలి. ఒంట్లో నీరు చేరి వచ్చే ఆయాసానికి, రక్తహీనతకు వైద్యమే మందు. శ్వాస సాధన దాని పక్కన నిలిచేదే. నీరసం మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి కనుక అద్భుతాలు ఆశించకూడదు. కొంత ఉపశమనం దొరికినా రోగికి అది తక్కువేం కాదు.

అసలు ముందు నీరసం ఉందా అని రోగిని అడగాలి. డయాలిసిస్ పరిశోధనల్లో తప్పక కొలవాల్సిన వాటిలో నీరసం ఒకటని సాంగ్ అనే అంతర్జాతీయ బృందం తేల్చింది. రోగులు, వైద్యులు కలిసి తీసుకున్న నిర్ణయమది. కొలతకు మూడే ప్రశ్నలు: అలసటగా ఉంటోందా? శక్తి చాలడం లేదా? దానివల్ల రోజువారీ పనులు ఆగుతున్నాయా? మనం బరువు, బీపీ ప్రతిసారీ రాసుకుంటాం. మేడ్చల్ దారి పొడవునా ఉన్న డయాలిసిస్ సెంటర్లకు నా విన్నపం ఇది: ఆ కాగితం మీదే నీరసానికీ ఒక గడి గీయండి, షిఫ్టు మొదటి గంటలో పది నిమిషాలు ఒక నర్సుకు అప్పగించండి.