ఇంటికొచ్చే సేవకు లెక్కాపత్రం ఉండొద్దా?

వరంగల్‌లోనో ఖమ్మంలోనో తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దాయన కొద్దిరోజులకే డిశ్చార్జి అయి మరిపెడ చేరుకుంటాడు. వైద్యం అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కట్టు మార్చాలి, యూరిన్ బ్యాగు ఖాళీ చేయాలి, వేళకు ఇన్సులిన్ ఇవ్వాలి. పిల్లలేమో హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. దాంతో ఫోన్లోనే ఏజెన్సీతో మాట్లాడుకుని మనిషిని పెట్టుకుంటున్నాం. జీతం ఎంతని గట్టిగా బేరమాడతాం. ఆ మనిషికి ఏం పని వచ్చని మాత్రం అడగం.

చట్టం అడుగుతుందా అంటే అదీ అంతంతే. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఆసుపత్రులు, క్లినిక్‌లు, ల్యాబ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇళ్లకు మనుషులను పంపే ఏజెన్సీల కోసం కాదు. ఈ వెలితి కేంద్రానికి తెలియనిదేం కాదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో, వృద్ధులకు ఇంటివద్ద సేవలందించే సంస్థల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల ప్రస్తావన ఉంది. స్థాయీ సంఘానికి వెళ్లిన ఆ బిల్లు చట్టం కాకుండానే 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది.

ప్రమాణాలు లేకపోతే ఏమవుతుందో ఒక్క ఇన్సులిన్‌ను చూస్తే చాలు. మన మందుల షాపుల్లో అది రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. దేని సిరంజి దానికే. మొదటిదానికి ఎర్ర మూత, రెండోదానికి నారింజ రంగు మూత ఉంటాయి. 100 యూనిట్ల మందును 40 సిరంజితో అదే గీత వరకు తీసి ఇస్తే రెండున్నర రెట్ల మోతాదు ఒంట్లోకి వెళ్తుంది. షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు తల ఎత్తుగా పెట్టకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. యూరిన్ బ్యాగు మూత్రాశయం కంటే ఎత్తులో పెడితే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కదల్లేని మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఇవేవీ మంచితనంతో వచ్చే విద్యలు కావు. నేర్పితేనే వస్తాయి.

కాబట్టి ముందు పని తేల్చుకోవాలి. స్నానం, తిండి, నడిపించడం వంటివాటికి హోమ్ హెల్త్ ఎయిడ్ శిక్షణ పొందినవారు సరిపోతారు. ఇంజెక్షన్, గొట్టాలు, పుండుకు డ్రెస్సింగ్ ఉంటే నర్సే కావాలి. నర్సుకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. గుర్తింపు కార్డు, పోలీసు ధ్రువీకరణ అడగాలి. ఏయే పనులు చేస్తారు, సెలవు పెడితే బదులుగా ఎవరొస్తారు, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాయించుకోవాలి. మందులు, బీపీ, షుగర్ ఏ రోజుకారోజు నోటుబుక్కులో ఎక్కించాలి.

మన వైపు బాధ్యతా ఉంది. ఇరవై నాలుగు గంటలూ కునుకు లేకుండా పనిచేసే మనిషి చేతిలో పొరపాటు జరగక మానదు. ఆమెకు నిద్ర, వారానికో సెలవు, గ్లవ్స్, గౌరవం ఇవ్వడం కూడా రోగి భద్రతలో భాగమే.

డబ్బు తీసుకుని సరిగా చేయని సేవపై వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, వృద్ధులను వేధిస్తే 14567కు ఫోన్ చేయొచ్చు. అయితే ఫిర్యాదు చేసేలోపే నష్టం జరిగిపోతుంది. మంచాన పడ్డవారి ఇళ్లకు ‘ఆలన’ వాహనాల్లో సిబ్బందిని పంపిన అనుభవం మన ప్రభుత్వానికి ఉంది. ప్రైవేటు ఏజెన్సీలను జిల్లా వైద్యాధికారి వద్ద నమోదు చేయించడం, డిశ్చార్జికి ముందు కుటుంబంలో ఒకరికి ఈ పనులు చేయించి చూపించడం అసాధ్యమేమీ కాదు. మురిగిన బిల్లు మళ్లీ వచ్చేదాకా ఈ రెండైనా మొదలుపెట్టాలి.