ఒక పాత ఇటాలియన్ హాస్యచిత్రం: నేడు చూడదగునా?

పాత హాస్యచిత్రం చూడడం కేవలం కాలక్షేపమని మనలో పలువురి అభిప్రాయం. అది పరభాషలో, తొంబది యేండ్లకు పూర్వం తీసినదైతే అంతకన్న నిరుపయోగమైనది మరొకటి లేదనేవారూ కలరు. ఈ అభిప్రాయం సరికాదని నా మనవి. ఇందుకు 1932లో ఇటలీలో మారియో కమెరీని దర్శకత్వాన వెలువడిన ఒక చిత్రాన్ని ఉదాహరణగా గ్రహిద్దాం. దాని పేరును 'మగవాళ్లు ఎంతటి తుంటరులు!' అని తెలుగు చేయవచ్చు.

కథ స్వల్పం. మిలాన్ నగరంలో బ్రూనో అనే యువకుడు ఒక ధనికుని వద్ద కారు డ్రైవరు. మరియూచ్చ అత్తరుల దుకాణంలో పనిచేసే అమ్మాయి. ఆమె తండ్రి రాత్రివేళ టాక్సీ నడుపుతాడు. అతడు ఇల్లు చేరే వేళకు కుమార్తె పనికి బయలుదేరుతుంది. ఆమె ఎక్కిన ట్రాము వెంట సైకిలుపై పరుగుతీసిన బ్రూనో, ఆమె మెప్పుకోసం యజమాని కారును తనదిగా చూపి సరస్సుల ప్రాంతానికి షికారుకు తీసుకుపోతాడు. అక్కడ యజమాని భార్య తారసపడి, తనను నగరానికి చేర్చమంటుంది. అమ్మాయి పూటకూటింట ఒంటరిగా మిగిలిపోతుంది. తిరిగివచ్చే తొందరలో కారు ప్రమాదం పాలవుతుంది. బ్రూనో కొలువు ఊడుతుంది. అరువు సొమ్ము బరువు చేటన్న సామెతకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం అరుదు.

ఇటలీలో మాటల చిత్రాలు ఆరంభమైనది 1930లో. నాటి మైక్రోఫోనులకు వీధి సందడి గిట్టదు కనుక చిత్రాలు అధికంగా స్టూడియో గోడల నడుమనే తయారయ్యేవి. కమెరీని తన కెమెరాను మిలాన్ వీధులలోకీ, ఆ నగరపు వాణిజ్య ప్రదర్శనలోకీ తీసుకుపోయాడు. అందుచేతనే దుకాణపు పిల్ల, టాక్సీవాడు, మెకానిక్ మనకు సజీవులుగా కనబడుతారు. బ్రూనో పాత్రధారి విట్టోరియో డి సికా. ఇతడే 1948లో 'బైసికిల్ థీవ్స్' తీసి శ్రామికుని వేదనను లోకానికి చూపాడు. అందులోని బాలుని పేరు కూడా బ్రూనోయే.

ఇక అసలు ప్రశ్న. ఈ చిత్రం వెలువడేనాటికి ఇటలీలో ముస్సోలినీ అధికారానికి వచ్చి పదేండ్లు. అంతకు ఏడాది ముందు, 1931 సెప్టెంబరు 16న, లిబియాలోని సులూక్‌లో ఖుర్ఆన్ బోధించిన వృద్ధ గురువు, స్వాతంత్ర్య యోధుడు ఒమర్ ముఖ్తార్‌ను ఆ ప్రభుత్వమే వేలాది బందీల యెదుట ఉరితీసింది. తూర్పు లిబియాలో సుమారు లక్షమందిని ఇండ్లనుండి వెడలగొట్టి ముళ్లకంచెల నడుమ నిర్బంధించింది. ముఖ్తార్ గాథపై ముస్తఫా అక్కాద్ తీసిన 'లయన్ ఆఫ్ ది డెజర్ట్' చిత్రాన్ని 1982లో ఇటలీ ప్రభుత్వం తన సైన్య గౌరవానికి భంగకరమని ప్రదర్శింపనీయలేదు. ఇది తెలిసినవారు మిలాన్ ప్రేమికులను చూచి ఎట్లు నవ్వగలరు?

నవ్వవచ్చుననే నా సమాధానం. ప్రభుత్వాన్ని కీర్తించడం ఈ కథకు పట్టదు. దీని దృష్టి అంతా రోజుకూలితో బ్రతికే మనుష్యులపైనే ఉన్నది. పాలకుల పాపాన్ని టాక్సీవాని నెత్తిన మోపడం న్యాయం కాదు. అయితే ఈ చిత్రపు మౌనం పాలకులకు అనుకూలించిందన్న సంగతినీ విస్మరింపరాదు. నవ్వులో మునిగిన ప్రేక్షకుడు, తన పేరిట సముద్రానికి ఆవల ఏమి జరుగుతున్నదని అడగడు. దీనిని త్రోసిపుచ్చితే ఒక సామాన్యుని జీవితచిత్రం మనకు దక్కదు. ప్రశ్నింపక మెచ్చుకొంటే సులూక్ మరుగునపడుతుంది.

కావున కళాశాల కమిటీవారికి నా విన్నపం ఒక్కటే. ఇట్టి చిత్రాన్ని ఒక సాయంత్రం విద్యార్థులకు ప్రదర్శించండి. నిడివి గంటకు కొంచెమే ఎక్కువ. పిదప చరిత్ర, సాహిత్య అధ్యాపకులు కలిసి చర్చ జరుపుదురు గాక. విద్యార్థి మిత్రులారా! హాయిగా నవ్వండి. దీపాలు వెలిగిన తరువాత, తెరపై చూపింపబడనిది ఏమిటని తప్పక అడగండి. నేడు మీరు చూచే ప్రతి చిత్రానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.