వృద్ధుల పొదుపు - ఒత్తిడి బేరము

ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడొకడు గడువు ముగిసిన ఫిక్సెడ్ డిపాజిటును తిరుగ వేయుటకై బ్యాంకికి పోవును. కిటికీకడ నిలువనీయక, "లోపలికి రండి మాస్టారూ" అని మర్యాదచేసి, మంచినీరిచ్చి, డిపాజిటుకంటె హెచ్చు లాభము గలదని చెప్పి, నాలుగైదు చోట్ల సంతకము చేయింతురు. మరుసటి యేడు రెండవ వాయిదా చెల్లింపుమని తాఖీదు వచ్చిన నాడుగాని, తాను వేసినది డిపాజిటు కాదనియు, పదియేండ్లు సొమ్ము కట్టవలసిన జీవితబీమా యనియు ఆ వృద్ధునకు తెలియదు. ఇది యే యొక్క యూరి కథయు గాదు.

ఇచ్చట బ్యాంకి తన సరకు నమ్ముట లేదు. బీమా కంపెనీకి ఏజంటుగా నుండి కమీషను పుచ్చుకొనుచున్నది. ఈ సంగతి యెంతమంది ఖాతాదారులకు తెలియును? ఆ కుఱ్ఱ యుద్యోగిని మేము నిందింపము. నెలకిన్ని పాలసీలని వానికి పైనుండి లెక్క కట్టుదురు. "ఈ రోజే ఆఖరు" అనుమాట ఆ లెక్కనుండి పుట్టినదే. కంపెనీవారు టెలిఫోనులో విచారించినపుడు అన్నిటికిని "అవును" అనుమని ముందుగా బోధించుటయు నందులోని భాగమే. పెద్దలు మోసమును గ్రహించియు, కొడుకులు నవ్వుదురేమో, ఖాతా తమ చేతినుండి తీసికొందురేమో యను సిగ్గుతో నోరు విప్పరు.

చట్టములు లేకపోలేదు. వయస్సుచేతగాని వ్యాధిచేతగాని మనశ్శక్తి తగ్గినవానితో ఒడంబడిక చేసికొనువాడు వాని యిచ్ఛను లోబరచుకొనగల స్థితిలో నున్నట్లే యెంచవలెనని 1872 కాంట్రాక్టు చట్టము 16వ సెక్షను చెప్పుచున్నది. ఆ బేరము చూడగనే యన్యాయమని తోచినచో, ఒత్తిడి చేయలేదని రుజువు చేయవలసిన భారము వానిదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే కమిషను నాశ్రయింపవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించనిచో రుసుము లేదు. హైదరాబాదునందలి బీమా నియంత్రణ సంస్థ, మునుపు సాధారణముగ 15 దినములుగ నున్న పాలసీ తిరస్కార గడువును 2024లో 30 దినములు చేసినది.

ఈ గడువు మంచిదే. కాని పత్రము చేరిన దినమునుండి దీనిని లెక్కింతురు. ఆ పత్రమో, వృద్ధు డెన్నడును తెరువని ఈ-మెయిలునకు పోవును! మోసము బయటపడునది రెండవ తాఖీదుతో. హక్కు చచ్చునది మొదటి నెలతో. కావున అరువదియైదేండ్లు దాటినవారికి బ్యాంకిలో అమ్మిన పాలసీల విషయమున, రెండవ వాయిదా తాఖీదు చేరిన పిమ్మటకూడ 30 దినములు తిరస్కార హక్కు నిలువవలెనని మా యభిప్రాయము. ఎన్నియేండ్లు, ఏటికెంత, నడుమ మానినచో నెంత నష్టము అను మూడు సంగతులును పెద్దయక్షరముల తెలుగులో వ్రాసిన కాగితమును ఇంటికి పంపి, రెండు దినములు గడచినగాని సంతకము తీసికొనరాదు.

ఇట్లు చేసినచో వృద్ధులను మైనర్లుగ నెంచినట్లగునని కంపెనీలవారు ఆక్షేపింపవచ్చును. కొనువాని స్వేచ్ఛను మేము తగ్గింపుమనలేదు. అమ్మువాని తొందరకు కళ్లెము వేయుమన్నాము. రెండు దినముల యాలోచనకు నిలువని బేరమును పోనిండు.

అంతవరకు పాఠకులు తమ యింటి పెద్దల కాగితములను ఒకసారి, వారిని కించపరుపక, చూడవలెను. గడువు దాటనిచో రద్దు కోరుచు కంపెనీకి వ్రాసి యిచ్చిన, స్టాంపు, వైద్యపరీక్షల ఖర్చులును, ఆ కొలది దినముల బీమాఖర్చును పోగా సొమ్ము తిరిగి వచ్చును. గడువు దాటినను మోసపు టమ్మకమని ముందు కంపెనీకి వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో న్యాయము జరుగనిచో హైదరాబాదునందలి బీమా ఆంబుడ్స్‌మనునకు రుసుము లేకయే వ్రాసికొనవచ్చును. ఏ కాగిత మిచ్చినను ముద్రవేసిన రసీదు తీసికొనుట మరువరాదు. "చూస్తాం లెండి" అని పంపివేయు నలవాటు ఆ కార్యాలయములలో మెండు.