దౌత్యం కంటే ముందు పోలీస్ స్టేషన్



పిల్లలపై లైంగిక వేధింపుల కేసుల్లో కాథలిక్ ఫాదర్ల పేర్లు బయటికొచ్చినప్పుడల్లా వాటికన్‌కూ ప్రభుత్వాలకూ మధ్య దౌత్య సహకారం పెరగాలని పెద్దలు సెలవిస్తుంటారు. పెరిగితే మంచిదే. కానీ మన దేశంలో ఇలాంటి కేసు ముందు ఇరుక్కునేది ఢిల్లీలోని వాటికన్ రాయబారి కార్యాలయంలో కాదు, బిషప్ హౌస్ బీరువాలో.

ఊటీ మేత్రాసనం (డయోసిస్) సంగతే తీసుకోండి. అక్కడి నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వెళ్లిన ఒక ఫాదర్ 2005లో తిరిగొచ్చేశాడు. మైనర్ బాలికపై అత్యాచారం చేశాడని అక్కడ కేసు పెట్టారు. ఆయన ఇండియాలో ఎక్కడున్నాడో అమెరికా అధికారులకు తెలియజేశామని 2010లో వాటికన్ లాయరు చెప్పారు. అంటే దౌత్యం తన వంతు చేసిందనే అనుకుందాం. మరి ఫాదర్ ఏం చేస్తున్నాడు? బిషప్ గారి ఆఫీసులోనే కూర్చుని చర్చి స్కూళ్లలో టీచర్ల నియామకాల కాగితాలు చూస్తున్నాడు! అరెస్టు 2012లో, అప్పగింత 2014లో. 2015లో నేరం ఒప్పుకుని తిరిగొచ్చాక, 2016లో ఆయనపై చర్చి విధించిన సస్పెన్షన్ కూడా ఎత్తేశారు.

దీని పక్కన మన హైదరాబాద్ అగ్రపీఠం నుంచి సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీకి వెళ్లిన ఫాదర్ కేసు పెట్టి చూడండి. 13 ఏళ్ల బాలికపై లైంగిక వేధింపుల కేసులో 2018 అక్టోబర్‌లో అరెస్టయ్యాడు, 2019 మార్చికల్లా ఆరేళ్ల శిక్ష పడింది. రాయబారుల ఉత్తరాలతో పని పడలేదు. మనిషి విమానం ఎక్కకముందే పోలీసుల చేతికి చిక్కాడు, అంతే తేడా.

దౌత్యాన్ని అడ్డం పెట్టుకుంటే ఏమవుతుందో ఐర్లాండ్ చూసింది. డబ్లిన్‌లో ఫాదర్లపై వచ్చిన ఇలాంటి కేసులను విచారిస్తున్న మర్ఫీ కమిషన్ 2006లో సమాచారం కోరితే, అది దౌత్య మార్గంలో రాలేదని వాటికన్ తప్పుబట్టింది. కమిషన్ అక్కడి వాటికన్ రాయబారికి రాసిన ఉత్తరానికి జవాబే లేదు. 2019 డిసెంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఇలాంటి ఫైళ్లపై ‘పాంటిఫికల్ సీక్రెట్’ అనే గోప్యతా నియమాన్ని తీసేశారు కాబట్టి ఇక రోము పేరు చెప్పి దాచుకునే వీలు కూడా బిషప్పులకు లేదు.

అసలు మన చట్టానికి రోము అనుమతి ఎందుకు? పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థ పెద్ద అయితే ఏడాది వరకు. ఈ చట్టం ఆశ్రమాలకూ మదర్సాలకూ కార్పొరేట్ హాస్టళ్లకూ వర్తిస్తుంది. ఆశ్రమ గురువు ఆశారాం బాపుకు మైనర్ బాలికపై అత్యాచారం కేసులో 2018లో జోధ్‌పూర్ కోర్టు యావజ్జీవం వేసింది కదా. కనుక దీన్ని క్రైస్తవుల మీద దుడ్డుకర్రగా వాడాలని చూసేవాళ్లకు నా ఉత్తరం పనికిరాదు. నేనూ ఆదివారం చర్చికి వెళ్లేవాణ్ణే.

చట్టం ఉన్నా ఊళ్లో ఏం జరుగుతుందో కేరళలోని కొట్టియూర్ చెప్పింది. అక్కడ ఫాదర్ అత్యాచారానికి గురైన మైనర్ బాలిక ప్రసవించాక, తప్పు తనదేనని మొదట కన్నతండ్రే నెత్తిన వేసుకున్నాడు. ఆ ఫాదర్ కెనడా దారి పట్టగా పోలీసులు పట్టుకున్నారు. 2019లో ఇరవై ఏళ్ల శిక్ష పడింది. ఒక తండ్రి చేత అంత మాట అనిపించిన భయభక్తులు మన విచారణల్లో (పారిష్‌లలో) లేవని చెప్పగలమా? మా లక్క బొమ్మల ఊరికి రోముతో ఏం పని అనుకోవచ్చు. కానీ మన్యం పిల్లలు ఎంతోమంది హాస్టళ్లలోనే కదా చదువుకునేది!

తెలుగువారిలో తొలి కార్డినల్ పూల ఆంథోనీ గారికీ, విశాఖ అగ్రపీఠాధిపతి గారికీ నా మనవి ఒక్కటే. ఫిర్యాదు అందిన రోజే పోలీసులకు ఇస్తామనీ, కేసు తేలేదాకా ఆ ఫాదర్‌ను మరో మేత్రాసనానికి గానీ విదేశానికి గానీ పంపమనీ రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ కాగితాన్ని ప్రతి చర్చి నోటీసు బోర్డు మీదా, ప్రతి హాస్టల్ గోడ మీదా తెలుగులో అంటించండి.

— ఒక పాఠకుడు, ఏటికొప్పాక