‘కాస్త కమిలింది’ అనకండి... ఎలా కాలిందో చెప్పండి

‘ఒళ్లు కాలిపోతోంది’ అంటూ వస్తే థర్మామీటరు అందుకుంటాం. ‘గుండెల్లో మంట’ అంటే ముందు ఈసీజీ తీస్తాం. విచిత్రమేమిటంటే, నిజంగా నిప్పు తగిలి వచ్చినవాళ్లు మాత్రం చాలాసార్లు ‘కాలింది’ అనరు. ‘సెగ తగిలింది’, ‘చురుక్కుమంది’, ‘కాస్త కమిలింది’ అంటారు. ఆ ‘కాస్త’ అన్న మాటే ఒక్కోసారి గాయం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఆ మధ్య ఒక నానమ్మ రెండేళ్ల మనవణ్ని ఎత్తుకుని మా ఆసుపత్రికి వచ్చారు. ‘నిన్న గంజి వారుస్తుంటే చేతి మీద పడింది సారూ. కాస్త కమిలింది. రాత్రి బాగా ఏడ్చాడుగానీ, ఇప్పుడు మంట లేదు’ అన్నారు. ముంజేతి నిండా టూత్‌పేస్టు ఎండి పట్టేసి ఉంది. దాన్ని తడిపి తీస్తే చుట్టూ బొబ్బలు, మధ్యలో తెల్లటి మచ్చ. అక్కడ ముట్టుకుంటే పిల్లాడు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆమెకు ధైర్యమిచ్చిన ‘మంట లేదు’ అన్న మాటే నన్ను భయపెట్టింది. నొప్పిని తెలిపే నరాలు కూడా కాలిపోతే మంట తెలియదు. ఆ మచ్చ మీద చివరికి వేరేచోటి చర్మం తెచ్చి అతికించాల్సి వచ్చింది.

కాలిన గాయానికి మన భాషలో ఉన్న మాటలు నిజానికి చాలా కచ్చితమైనవి. కమిలితే చర్మం ఎర్రబడి మండుతుంది, బొబ్బ రాదు. వారంలోపే మానుతుంది. బొబ్బలెక్కితే గాయం పైపొర దాటి లోపలికి వెళ్లినట్టు. బాగా నొప్పి ఉంటుంది, చాలావరకు రెండు మూడు వారాల్లో మానుతుంది. మాడితే చర్మం తెల్లగానో, గోధుమరంగులోనో, నల్లగానో మారి తోలులా బిగుసుకుంటుంది. అక్కడ నొప్పి తెలియకపోవచ్చు. ఒకే చేతి మీద ఈ మూడూ పక్కపక్కనే ఉండవచ్చు. ఇవాళ కమిలినట్టు కనిపించింది రేపటికి బొబ్బలెక్కవచ్చు కూడా. కాబట్టి ఎంత లోతు కాలిందో తేల్చే పని మాకు వదిలేయండి. మాకు తెలియనిది, మీకు మాత్రమే తెలిసినది ఒకటుంది. ఎలా కాలింది?

నీళ్లు పడితే జారిపోతాయి. గంజి, పాకం చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటాయి. నూనె నీళ్లకన్నా ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. మూసిన గదిలో పొగ పీల్చి ఉంటే ఒంటి మీద గాయం లేకపోయినా గొంతు వాచి ఊపిరి ఆడకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, ముక్కు చుట్టూ మసి ఉన్నా వెంటనే చెప్పండి. కరెంటు తగిలితే పైన రూపాయి బిళ్లంత మచ్చే కనిపించవచ్చు, లోపల కండ, గుండె దెబ్బతిని ఉండవచ్చు. యాసిడ్ అయితే ఇంకా ఎక్కువసేపు కడగాలి. కామెర్లకని ఊళ్లో వాతలు పెట్టించి ఉంటే అదీ దాచకండి. వాత వైద్యం కాదు, అదీ కాలిన గాయమే.

కాలిన వెంటనే చేయాల్సింది ఒక్కటే. కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. ఆలస్యమైనా, మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగమే. గాయం పెద్దదై, పసిపిల్లలైతే మిగతా ఒళ్లు చలి పుట్టకుండా కప్పండి. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసేయండి. అంటుకుపోయిన బట్టను పీకకండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి తీసుకురండి. టూత్‌పేస్టు, ఇంకు, కాఫీపొడి, పసుపు, నెయ్యి ఏవీ గాయాన్ని మాన్పవు. గాయం మాకు కనబడకుండా చేస్తాయి. వాటిని కడిగి తీసేటప్పుడు ఆ బాధ మళ్లీ పిల్లలే పడాలి.

గాయపడినవారి అరచేయి కన్నా పెద్దగా కాలినా; ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మావయవాల దగ్గర కాలినా; చర్మం తెల్లబడినా; పసిపిల్లలు, వృద్ధులైనా; కరెంటు, యాసిడ్, పొగ అయినా ఇంట్లో ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఆ నానమ్మను తర్వాత అడిగాను, నిన్ననే ఎందుకు తీసుకురాలేదని. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ‘కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్లారు. పిల్లాణ్ని నా మీద వదిలారు. పెద్దగా కాలిందని చెబితే ఏమంటారో అని...’ అన్నారు. ‘కాస్త’ అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకప్పుడు అర్థమైంది.

మన ఇళ్లలో ఎవరికైనా కాలితే మొదట వచ్చే ప్రశ్న ‘ఎవరు చూసుకోలేదు?’ అనే. ఆ ప్రశ్నకు భయపడి నానమ్మలు, పనిమనుషులు, కొత్త కోడళ్లు, పిల్లలు గాయాన్ని చిన్నది చేసి చెబుతారు. బట్టల కింద దాచుకుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని సామెత. మనం కాలాక ఆకు పసరు కోసమూ, తప్పు మోసేవాళ్ల కోసమూ వెతుకుతున్నాం. ఈలోగా నీళ్లు పోయాల్సిన 20 నిమిషాలు గడిచిపోతాయి.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పుకోండి. ఎవరికి కాలినా, ఎవరి చేతి మీదుగా జరిగినా ముందు కుళాయి తిప్పుదాం. ‘ఎవరు?’ అని అడగొద్దు. ‘ఎలా? ఎప్పుడు? నీళ్లు ఎంతసేపు పోశారు?’ అని అడుగుదాం. ఆసుపత్రిలో మేము అడిగేవి కూడా ఆ మూడే.