గుమాస్తా కాగితాలు: "నేనెప్పుడు వస్తానురా?"

పోయిన నెల ఈ శీర్షిక కనబడలేదేమని ఇద్దరు ముగ్గురు పాఠకులు దారిలో ఆపి అడిగినారు. ఆఫీసులో లెక్కల పని అని చెప్పి తప్పించుకొన్నాను. అసలు సంగతి వేరు. నాలుగేండ్లుగా రాత్రిళ్ళు కూర్చుని చేస్తూ వచ్చిన ఒక పనిని ఆ నెలలో నా చేతులతో నేనే విప్పి కుప్ప పోసి, మళ్ళీ మొదటినుంచి కట్టడానికి పూనుకొన్నాను. ఆ గొడవే ఈ నెల మీకు వినిపిస్తాను.

దాన్ని విజువల్ నావెల్ అంటారు. మనం దృశ్యనవల అందాము. పిల్లలకు తెలుసు, పెద్దలకు తెలియదు గనుక రెండు మాటలు చెప్పాలి. కంప్యూటరు మీదనో, సెల్‌ఫోను మీదనో చదివే కథ ఇది. వెనుక ఒక బొమ్మ ఉంటుంది. వీధి కావచ్చు, వంటిల్లు కావచ్చు. దాని ముందు మనిషి, క్రింద ఆ మనిషి మాటలు. వేలు తాకిస్తే తరువాతి మాట వస్తుంది. అక్కడక్కడ కథ ఆగి, "పోతావా, ఉంటావా?" అని మనలనే అడుగుతుంది. మనం చెప్పిన జవాబును బట్టి మలుపు తిరుగుతుంది. జపాను దేశంలో వీటికి పెద్ద గిరాకీ. రచయిత ఒకరు, బొమ్మలకు ఒకరు, సంగీతానికి ఒకరు చొప్పున జట్టు కట్టి చేస్తారు. మెట్రిక్‌తో చదువు ఆపిన నేను ఒక్కడినే చేస్తానని బయలుదేరినాను.

పోనీ, చిన్న కథ ఎత్తుకొన్నానా? బళ్ళారి నాటకాల చరిత్ర మొత్తం ఎత్తుకొన్నాను! ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ, ఆచార్యుల వారి మేనల్లుడు రాఘవ గారి వైభవం, 1946లో ఆయన కాలం చేయడం, ఆ మీదట 1953లో జిల్లా ముక్కలు కావడం. ఆ ముగ్గురూ ప్లీడర్లే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. వారికి సాగినది, పగలు ఫైళ్ళు రాత్రి దృశ్యనవల అని నాకెందుకు సాగదని ధీమా. వారి వెనుక సభ నిండా మనుషులున్నారన్న సంగతి తట్టలేదు.

పాత్రలు నలభై రెండు. ముగింపులు పధ్నాలుగు. తెలుగొకటి, కన్నడమొకటి, భాషలు రెండు. దినమంతా కూడికలు వేసే గుమాస్తానై ఉండి ఒక్క లెక్క మాత్రం వేసుకోలేదు. కథలో రెండేసి దారులు చీలే చోట్లు పది ఉండి, చీలిన దారి మళ్ళీ కలవకపోతే, ఎన్ని కథలు వ్రాయాలి? 1024! ఎనిమిది చీలికలు దాటేసరికి ఏ పాత్రకు ఏ సంగతి తెలుసో నాకే తెలియకుండా పోయినది. చనిపోయిన మామగారు ఒక దారిలో వచ్చి కాఫీ అడిగినాడు.

దానికి తోడు అక్షరాల తిప్పలు. అప్పుడు నేను వాడిన సాధనంలో మన ఒత్తులు క్రిందికి దిగేవి కావు, విడిపోయి పక్కన నిలబడేవి. అందుచేత ప్రతి వాక్యాన్నీ విడిగా బొమ్మగా తయారుచేసి అతికించినాను. ఒక మాట మార్చవలెనంటే బొమ్మ మళ్ళీ చేయాలి. దాంతో ఏమైనదంటే, బాగులేని వాక్యాన్ని కూడా "ఉండనీలే" అని వదిలేయడం అలవాటైనది. ఆ అలవాటే నన్ను నిండా ముంచినది.

ఇక మా అవ్వ సంగతి. ఆమెకు ఎనభై ఎనిమిది. పుట్టినది ఆలూరు తాలూకాలో. 1953 వేసవిలో పదిహేనేండ్ల పిల్ల బళ్ళారికి కోడలుగా వచ్చినది. ఆ ఏడు అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది. ఒక్క రాత్రిలో ఆమె పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం. దసరాకు అన్న వచ్చి పిలిస్తే, "కొత్త రాష్ట్రం, ఏమి గొడవలో ఏమో, ఈ ఏడు వద్దులే" అన్నదట అత్తగారు. అవ్వ పోలేదు. సంక్రాంతి లోపల ఆమె తల్లి పోయినది.

ఈ సంగతంతా ఆమె చెబుతుంటే రెండేండ్ల క్రిందట ఫోనులో పట్టి పెట్టుకొన్నాను. నా దృశ్యనవలలో ఇది పదకొండవ అంకం.

మొన్న ఉగాదికి అవ్వను పక్కన కూర్చోబెట్టుకొని మొదటినుంచి చూపించినాను. కళ్ళు సరిగా ఆనవు గనుక చదివి వినిపించినాను. నలభై నిమిషాలైనది. నాటక సభల పోటీ మంచి పట్టులో ఉన్నది. అవ్వ నా మోచేతి మీద తట్టి, "అంతా బాగుందిరా నాయనా, నేనెప్పుడు వస్తాను?" అన్నది. ఇంకా ఆరు అంకాలున్నవని చెప్పలేకపోయినాను. ఆమె అక్కడే కునుకు తీసినది.

ఆ రాత్రే విప్పినాను.

జపానులో దైసుకె అమాయ అనే ఆయన కేవ్ స్టోరీ అనే ఆటను ఒక్కడే తీరిక వేళల్లో అయిదేండ్లు చేసి 2004లో ఉచితంగా ఇచ్చినాడు. నడుమ చేసినదాన్ని చాలావరకు ప్రక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టినాడట. ఆ సంగతి తెలిసి కొంత ధైర్యం వచ్చినదే గాని, నలభై రెండు పాత్రలను ఏడు చేయడం సులభం కాలేదు. మా పెద్దమ్మాయి గీసిన రాఘవ గారి బొమ్మ తీసివేసిన దినం అది నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు కథ ఒకే దినం, ఒకే ఇల్లు. చీలికలు మూడే. రెండు మళ్ళీ కలిసిపోతవి. పోతావా ఉంటావా అన్న మూడవదే కలవదు. సాధనం కూడా మార్చినాను. రెన్‌పై అని, అమెరికాలో టామ్ రోథమెల్ అనే ఆయన 2004లో ఉచితంగా విడిచినది. కథను ఉత్తరం వ్రాసినట్టు వ్రాసుకొంటూ పోవచ్చు, వాక్యం నచ్చకపోతే కొట్టివేయవచ్చు. ఇప్పటి కూర్పులో మన ఒత్తులు ఒద్దికగా క్రింద కూర్చుంటున్నవి.

కన్నడ అనువాదం ఆపినాను. దాని బదులు మరొకటి చేసినాను. మా చిన్నవాడు ఇంట్లో తెలుగే మాట్లాడుతాడు, చదవడం మాత్రం కన్నడ అక్షరాలే. మీ ఇండ్లలోనూ ఇంతే గదా! కంప్యూటరు అక్షరాల పట్టికలో తెలుగు 'క'కు, కన్నడ 'క'కు నడుమ సరిగ్గా 128 స్థానాల దూరం. మిగిలిన అక్షరాలు కూడా దాదాపు అన్నీ అదే వరుస. కనుక ఒక మీట నొక్కితే అవే తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో కనబడే ఏర్పాటు చేసినాను. వాడు మొదటి దినమే చివరిదాకా చదివి, "ముత్తవ్వ ఎందుకు పోలేదు?" అని అడిగినాడు.

అసలు చిక్కు అవ్వ గొంతుతో వచ్చినది. నా వాక్యాలు నేను ఎన్నైనా కొట్టివేయవచ్చు. ఆమె చెప్పినవి మార్చడానికి లేదు. రెండేండ్లలో గొంతు సన్నబడి వణుకుతున్నది. అందుకని ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టుంచి, కథను వాటి చుట్టూ అల్లుకొన్నాను. ఐతే "పోతాను" అన్న దారికి ఆమె మాటలే లేవు. పోనిదానికి ఏమి చెబుతుంది? వేరే ఎవరిచేతనైనా చెప్పిద్దామని ఇంటిదానితో అంటుంటే అవ్వ విన్నది. "నా తల్లి దగ్గరికి ఎవరో పోయేదేమిరా?" అన్నది.

ఆదివారం ఫోను ముందు పెట్టినాను. ఆ దారిలో ఆమె మాట్లాడవలసినవి పన్నెండు వాక్యాలు వ్రాసి ఇచ్చినాను. ఒకటీ చెప్పలేదు. కొంచెంసేపు ఊరకుండి, "అమ్మా, వచ్చినా" అన్నది. అంతే. ఆ మాట వెనుక కుక్కరు కూత పడినది. అది తీయలేదు. నా పన్నెండు వాక్యాలు తీసివేసినాను.

ఇక ఆ దినం అన్న వచ్చి నిలబడిన వీధి గీయాలి. కౌల్ బజారు వైపు ఆ కాలపు ఇండ్ల ఫోటో ఎవరి పెట్టెలోనైనా ఉంటే ఈ పత్రిక ద్వారా తెలియజేయండి. వచ్చి చూసుకొని, అక్కడే మీ చేతికి తిరిగి ఇచ్చి పోతాను.