హద్దు

బెంగళూరులో కాపురముంటున్న మనవాళ్ళకు కన్నడం చేసే తమాషాలు కొత్త కాదు. మాట మనదే అనిపిస్తుంది, తీరా అర్థం వేరే ఉంటుంది. అలాంటి మాట ఒకటి ఈ ఏడాది నాకు పాఠం చెప్పింది.

జయనగర్‌లో మా మూడో అంతస్తు ఇంటి ఎదురుగా ఒక సిల్వర్ ఓక్ చెట్టు ఉంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి దాని పైకొమ్మల్లో పుల్లలు పోగుపడసాగాయి. వాటి మధ్య ఒక గుడ్డపీలిక, తెల్లటి ప్లాస్టిక్ సంచి ముక్క. పక్కింటి అజ్జి తలెత్తి చూసి, "అదు హద్దప్పా!" అంది. ఏ స్థలానికి హద్దు, ఎవరితో తగాదా అని కంగారు పడ్డాను. కన్నడంలో హద్దంటే గద్ద అని మా అబ్బాయి నవ్వుతూ చెప్పాడు.

అవును, మన ఊళ్ళలో కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దే. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు ఒకటిన్నర మీటర్లు. తోక చివర చీలినట్టుంటుంది. తల తెల్లగా, ఒళ్ళు ఇటుక రంగులో ఉండి, తోక గుండ్రంగా ఉంటే అది గరుడ పక్షి. దాన్ని చూస్తే మా అమ్మ చెంపలు వేసుకుని దణ్ణం పెట్టేది. గద్దను చూస్తే మాత్రం చీపురు తీసేది!

గూట్లో ఆ ప్లాస్టిక్ ఎందుకా అని వెతికితే ఒక వింత తెలిసింది. స్పెయిన్‌లో ఈ జాతి గద్దల మీద చేసిన పరిశోధన 2011లో వెలువడింది. గూటికి తెల్ల ప్లాస్టిక్ ఎక్కువగా పెట్టుకునేవి బలమైన జంటలేనట. "ఇది మా చోటు, ఇటు రాకండి" అని సాటి గద్దలకు చెప్పడమన్నమాట. అంటే హద్దు కూడా హద్దు గీసుకుంటుంది!

ఆ హద్దు నాకు అర్థం కాలేదు. ఫిబ్రవరి చివర గూట్లోంచి రెండు బొచ్చు తలలు పైకి లేచాయి. మా వంటింటి కిటికీలోంచి ఫోటోలు తీస్తే ఆకులే ఎక్కువ పడుతున్నాయి. "నాన్నా, ఇంకొంచెం దగ్గరగా తియ్యి" అన్నాడు అబ్బాయి. ఆదివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని మేడ మీద నీళ్ళ ట్యాంకు ఎక్కాను. "ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది" అని కింద నుంచి మా ఆవిడ పిలుస్తూనే ఉంది.

తల్లి గద్ద సన్నగా ఈల వేసినట్టు అరిచి గూడు వదిలింది. రెండు చుట్లు తిరిగి వచ్చి నా నెత్తిన ఒక్క తాపు తన్నింది. నేను దిగలేదు. ఇంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందని తీస్తూనే ఉన్నాను. పది నిమిషాలు అది నా మీదే తిరిగింది. ఆ పది నిమిషాల్లో కాకులు గూటి మీద వాలాయి. గద్ద వెనక్కి వెళ్ళేసరికి గూట్లో ఒక్క తలే కనిపించింది.

ఆ రోజు తీసినవాటిలో మంచి ఫోటో ఒకటి ఉంది. దాన్ని ఎవరికీ చూపించలేదు. అబ్బాయి మాత్రం అడిగాడు, "కాకులు మనవల్లే వచ్చాయా నాన్నా?" అని. అవునన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేటలోనే కలిపింది. తుపాకీ లేకపోతే వేట కాదనుకునేవాణ్ణి నేను.

అప్పట్నుంచి వంటింటి కిటికీకి పాత దుప్పటి కట్టి, చిన్న సందులోంచి చూడడమే. ఈ బెంగళూరులోనే ఉండి అడవి ఫోటోలకు దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న టి.ఎన్.ఎ. పెరుమాళ్ (1932–2017) గారి తరం ఫిల్ము రీళ్ళ కాలంలో పనిచేసింది. రీలుకు 36 ఫోటోలే. ఓపిక పట్టక తప్పేది కాదు. ఆ ఓపిక నేను ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం, మిగిలిన ఆ పిల్ల కొమ్మ చివరకు నడిచి, తూలి, రెక్కలు చాపి ఎదురింటి మేడ దాకా ఎగిరింది. ఫోటోలో ఒక మసక గీత పడింది, అంతే. దాన్నే పెద్దది చేయించి హాల్లో పెట్టాం. ఇంటికొచ్చినవాళ్ళు "ఇదేమిటండీ?" అని అడుగుతారు. "హద్దు" అంటాడు మా అబ్బాయి. ఏ భాషలో అన్నాడో నేను అడగలేదు.

మీ మేడ ఎదురుగా గూడు కనిపిస్తే కిటికీ దగ్గరే ఆగండి. మీరు చూస్తుండగా తల్లి గూడు వదిలిందంటే, మీరు మరీ దగ్గరకు వచ్చారన్నమాట. వెంటనే వెనక్కి వచ్చెయ్యండి. కాఫీ కూడా చల్లారకుండా ఉంటుంది.